బాప్తిస్మానికి నీళ్లెందుకు?

మా సంఘంలో బాప్తిస్మానికి సిద్ధపడే యౌవనస్థులతో కూర్చుని మాట్లాడే బాధ్యతను కొంతకాలంగా నాకు అప్పగించారు. చదువుకున్న పిల్లలు కాబట్టి మొహమాటం లేకుండా అడుగుతారు. దాదాపు ప్రతి ఒక్కరూ ఏదో ఒక రూపంలో అడిగే ప్రశ్న ఒకటుంది: ప్రభువును హృదయంలో నమ్మినప్పుడు, ఆ సంగతి దేవునికి తెలిసినప్పుడు, మళ్లీ అందరి ముందూ నీళ్లలో మునగవలసిన అవసరం ఏమిటి? ప్రభువు ఆజ్ఞాపించాడు కాబట్టి అని ఒక్క మాటలో చెప్పి ముగించవచ్చు. ఆ జవాబు నిజమే. మత్తయి సువార్త చివర, పునరుత్థానుడైన క్రీస్తు తన శిష్యులకు అప్పగించిన పనిలోనే బాప్తిస్మం ఉంది. అయితే ఉద్దేశం తెలియకుండా తీసుకున్న బాప్తిస్మం కొన్నాళ్లకు ఆల్బమ్‌లో ఒక ఫోటోగా మాత్రమే మిగిలిపోవడం చాలా ఇళ్లలో చూస్తున్నాను కనుక, నేను గ్రహించినంత మేరకు వివరంగా రాయాలనిపించింది.

క్రైస్తవ జీవితంలో చాలా పనులు ఒంటరిగా చేయవచ్చు. గది తలుపు వేసుకుని ప్రార్థించవచ్చు, ఉపవాసం ఉండవచ్చు, లేఖనం చదువుకోవచ్చు. బాప్తిస్మం మాత్రం ఎవరికి వారు ఇచ్చుకోగలిగినది కాదు. తనకు తానే బాప్తిస్మం ఇచ్చుకున్నవాడు కొత్త నిబంధనలో ఒక్కడూ కనిపించడు. పాపమెరుగని యేసు కూడా గలిలయ నుండి యొర్దాను దాకా వచ్చి, వద్దని వారించిన యోహాను చేతికే తనను అప్పగించుకున్నాడు. తరువాత పౌలుగా పేరుపొందిన సౌలు సంగతి ఇంకా ఆశ్చర్యకరమైనది. దమస్కు దారిలో సాక్షాత్తు ప్రభువే అతనితో మాట్లాడాడు. అంతకు మించిన అనుభవం ఎవరికి కలుగుతుంది? అయినా అతడు మూడు రోజులు చూపు లేక, అన్నపానాలు మాని, అననీయ అనే శిష్యుని కోసం ఎదురుచూడవలసి వచ్చింది. ఆ అననీయ ధైర్యంగా వచ్చినవాడు కూడా కాదు, సౌలు పేరు వినగానే జంకినవాడు. అలాంటి మనిషి వచ్చి చేతులుంచి, సహోదరుడా అని పిలిచిన తరువాతే సౌలు లేచి బాప్తిస్మం పొందాడు. ప్రభువు తన ప్రత్యక్షతతోనే అంతా ముగించగలిగి ఉండి కూడా, ఆ చివరి మెట్టును సంఘంలోని ఒక సామాన్యుని చేతిలో పెట్టాడు.

రోమీయులకు రాసిన పత్రిక ఆరవ అధ్యాయంలో పౌలు బాప్తిస్మాన్ని సమాధితో పోల్చడం వెనుక ఆ మూడు రోజుల అనుభవం ఉందేమో అని నాకు అనిపిస్తుంది. క్రీస్తుతో కూడ పాతిపెట్టబడ్డామని, ఆయన లేపబడినట్లే మనమూ నూతన జీవం పొంది నడుచుకోవాలని ఆ మాటల సారాంశం. చనిపోయినవాడు తనను తాను సమాధి చేసుకోలేడు. నలుగురు వచ్చి మోయవలసిందే. బాప్తిస్మంలోనూ అంతే. నేను మారాను అని ఎంత గట్టిగా చెప్పుకున్నా, పాత మనిషి చనిపోయాడని ఒప్పుకుని పాతిపెట్టడానికీ, కొత్త మనిషిని చేయిపట్టి పైకి లేపడానికీ ఇంకొకరు కావాలి. ఇంకొకరు అంటే సంఘం. నమ్మకం మనసులో పుడుతుంది. కానీ మనసులోనే ఉండిపోయిన నమ్మకానికి సాక్షులు ఉండరు, అది జారిపోయిన రోజున అడిగేవారు కూడా ఉండరు.

మా సంఘంలో ఇది జరిగే తీరు చూస్తే ఈ విషయం కళ్లకు కడుతుంది. మందిరం పక్కనే సిమెంటు తొట్టి, అందులోకి దిగడానికి మెట్లు, నడుము పైదాకా నీళ్లు. తెల్లబట్టలు కట్టుకున్న అభ్యర్థి రెండు చేతులూ ఛాతీ మీద ముడుచుకుని నిలబడతాడు. పాస్టరుగారు అతని పేరు పిలిచి, యేసు క్రీస్తును నీ సొంత రక్షకునిగా అంగీకరించావా, మరణం వరకు ఆయనను వెంబడిస్తావా అని అందరికీ వినబడేలా అడుగుతారు. తరువాత ఒక చేయి అతని వీపు వెనుక, ఇంకొక చేయి జేబురుమాలుతో ముక్కు మీద ఉంచి, తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో వెనక్కి వాల్చి ముంచుతారు. ఆ క్షణంలో అభ్యర్థి చేయగలిగింది ఏమీ లేదు. కాళ్లు బిగబట్టుకుని నిలబడితే పని జరగదు. తనను పట్టుకున్న చేతుల మీద భారం వదిలేయాలి. ఒడ్డున ఉన్నవారు పాట అందుకుంటారు. పైకి వచ్చిన మనిషికి ఎవరో తువ్వాలు కప్పుతారు. బట్టలు మార్చుకుని వచ్చాక పెద్దలు కుడిచేయి ఇచ్చి సహవాసంలోకి చేర్చుకుంటారు, ఆ ఆదివారమే అతడు మొదటిసారి ప్రభువు బల్లలో పాలుపొందుతాడు.

మాది ఒంగోలు ప్రాంతపు బాప్టిస్టు సంప్రదాయం. మాలో బాప్తిస్మం గురించి ఎవరు మాట్లాడినా, మూడు రోజులలో వేలమంది బాప్తిస్మం పొందిన 1878వ సంవత్సరం ప్రస్తావన రాకుండా ఉండదు. ఆ కథను సంఖ్యల కోసం చెప్పుకునేవారే ఎక్కువ. నన్ను ఆకట్టుకునేది మాత్రం ఆ సంఖ్యల వెనుక ఉన్న నిరీక్షణ.

అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1836లో తెలుగువారి మధ్య పని మొదలుపెట్టి, 1840లో నెల్లూరును కేంద్రం చేసుకుంది. దశాబ్దాలు గడిచినా ఫలితం ఎంత స్వల్పంగా ఉన్నదంటే, దానిని మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో పదేపదే వచ్చింది. 1866లో ఆ మిషన్‌కు చెందిన మిషనరీ జాన్ క్లౌ దొర ఒంగోలులో స్థిరపడ్డాడు. ఆ ఏడాదే కనిగిరి వైపు తాళ్లకొండపాడుకు చెందిన యెర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద, తోళ్ల వ్యాపారి, బాప్తిస్మం పొందాడు. పేరయ్య ద్వారా అతని బంధువర్గంలో, చుట్టుపక్కల పల్లెలలో నమ్మకం పాకడం మొదలైంది. మిషన్ పట్ల ఆసక్తి చూపుతున్న అగ్రకులాల వారు మాదిగలను చేర్చుకుంటే మేము రామని చెప్పినప్పుడు, క్లౌ దంపతులు మొదటి కొరింథీ పత్రికలో, లోకంలో నీచులైనవారిని, తృణీకరింపబడినవారిని దేవుడు ఏర్పరచుకున్నాడన్న మాటలు చదివి పేదల పక్షానే నిలబడ్డారు.

తరువాత పెద్దలు ధాత కరువు అని చెప్పుకున్న 1876–78 నాటి మహాక్షామం వచ్చింది. బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల భాగాన్ని క్లౌ దొర కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో ఉన్నవారికి కూలిపని కల్పించాడు. బోధకులే అక్కడ మేస్త్రీలుగా ఉండి పని చేయించారు. ప్రయాసపడి భారము మోసికొనుచున్నవారలారా నాయొద్దకు రండి అన్న ప్రభువు మాటను విరామ సమయాల్లో వినిపించారు. ఆ దినాలలో బాప్తిస్మం కోరినవారు అనేకులు. అయినా పదిహేను నెలల పాటు క్లౌ దొర ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనివ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చినవారెవరో, ప్రభువు కోసం వచ్చినవారెవరో కరువులో తేల్చడం సాధ్యం కాదని ఆయన భయం. తిండి పెట్టి మతం మార్చారన్న ఆరోపణ నేటికీ వింటున్న మనం ఈ పదిహేను నెలలను మరచిపోకూడదు. నీళ్లు అందుబాటులో ఉండి, అడిగేవారు వేలల్లో ఉండి, ఇవ్వకుండా ఆపడం ఏ మిషనరీకైనా తేలిక కాదు.

1878 జూన్ నాటికి కరువు సాయం ముగిసింది. ఒంగోలుకు ఉత్తరాన, గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న వెల్లంపల్లికి బోధకులను పిలిస్తే, వారి వెంట జనం కూడా తరలివచ్చారు. ఇక పంచిపెట్టడానికి ఏమీ లేదని క్లౌ దొర స్పష్టంగా చెప్పాడు. డబ్బు కోసం రాలేదని, కష్టపడి బతికామనడానికి తమ అరచేతుల బొబ్బలే రుజువని, రేపు పంట పోతే చనిపోతామేమో గాని క్రైస్తవులుగా చనిపోవాలని ఉందని వారు బదులిచ్చారని ఆయన తరువాత రాశాడు. కరువులో ఎండిన ఆ అరచేతులను తలచుకున్నప్పుడల్లా బాప్తిస్మం తేలికైన సంగతి కాదని నాకు మళ్లీ తెలిసివస్తుంది.

జూలై 2న 614 మంది, మరునాడు 2222 మంది, 4వ తేదీన 700 మంది, మూడు రోజులలో మొత్తం 3536 మంది ఆ నదిలో బాప్తిస్మం పొందారు. జూలై 3న పొద్దున్నే మొదలుపెట్టి, మధ్యాహ్నం కొన్ని గంటలు ఆపి, సాయంత్రం దాకా కొనసాగించారు. అభిషేకం పొందిన ఆరుగురు దేశీయ బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, అలసినప్పుడు ఇంకో ఇద్దరికి చోటిచ్చారు. పేర్లు ముందే రాసిపెట్టుకున్నారు; పేరు పిలిచినవారు మాత్రమే ఒకరి తరువాత ఒకరు నీళ్లలోకి దిగారు. పెంతెకొస్తు దినాన యెరూషలేములో మూడు వేలమందిని ఒక్క రోజులో ముంచడం సాధ్యమా అని వాదించినవారికి బాప్టిస్టులు చాలాకాలం వెల్లంపల్లినే జవాబుగా చూపించారు. నాకు ఆ వాదన కంటే ఆ పేర్ల జాబితా ముఖ్యం. ఊళ్లో కులం పేరుతోనో, ఏయ్ అనో పిలిపించుకోవడానికి అలవాటుపడిన మనిషి, నది ఒడ్డున వేలమంది మధ్య తన సొంత పేరుతో పిలువబడ్డాడు.

ఆ పేర్లను గురించి ఇంకొక మాట చెప్పాలి. బాప్తిస్మం అంటే పేరు మార్చుకోవడమేనని మన పల్లెలలో చాలామంది, విశ్వాసులతో సహా, అనుకుంటారు. పేరయ్య బాప్తిస్మం తరువాత కూడా పేరయ్యగానే ఉన్నాడు, అతని భార్య నాగమ్మ నాగమ్మగానే ఉంది. కొత్త నిబంధన సంఘంలో అపొల్లో, ఎపఫ్రొదితు వంటివారు గ్రీకు దేవతలను తలపించే పేర్లతోనే చివరిదాకా సేవ చేశారు. ఇష్టపడి మార్చుకునేవారిని తప్పుపట్టను. కానీ మార్చుకోకపోతే బాప్తిస్మం లోపభూయిష్టమని చెప్పడానికి ఏ లేఖనమూ లేదు. మారవలసింది మరొకటి ఉందని ఒంగోలు విశ్వాసులకు తెలుసు. విగ్రహారాధన చేయకూడదు, ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువుల మాంసం తినకూడదు అన్న మూడు నియమాలకు వారు కట్టుబడ్డారు. జాతరలలో డప్పు కొట్టడానికి నిరాకరించినందుకు ఊరి పెద్దల ఆగ్రహానికి గురయ్యారు.

క్రీస్తులోనికి బాప్తిస్మం పొందినవారందరూ క్రీస్తును ధరించుకున్నారనీ, ఇక యూదుడనీ గ్రీసు దేశస్థుడనీ, దాసుడనీ స్వతంత్రుడనీ లేదనీ గలతీయులకు రాసిన పత్రికలో పౌలు చెప్పిన మాటను మనం బాప్తిస్మ ఆరాధనలో చదువుతాం. చదివిన నోటితోనే సంఘానికి బయట కులం చూసి సంబంధాలు కలుపుకుంటాం. ఒకే నీళ్లలో మునిగి, ఒకే బల్ల దగ్గర చేయి చాపి, పెళ్లి దగ్గరకు వచ్చేసరికి మాల సంఘమా మాదిగ సంఘమా అని విచారించడం తెలుగు క్రైస్తవ్యానికి తగిలిన పెద్ద గాయం. బాప్తిస్మం అర్థాన్ని తిరస్కరించేవారు బయట ఎక్కడో లేరు, మన మధ్యనే ఉన్నారని చెప్పడానికి నాకు బాధగా ఉంది.

బాప్తిస్మానికి ఈ నేలమీద ఇంకొక వెల కూడా ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా మొదట హిందువులకే పరిమితమై, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది, క్రైస్తవులకు లేదు. క్రైస్తవులుగా మారిన దళితులను మన రాష్ట్రాలలో బీసీ-సి వర్గంలో, ఒక్క శాతం కోటాలో చేర్చారు. చదువు, ఉద్యోగం, ధ్రువపత్రం అన్నీ దీనితో ముడిపడి ఉన్నందున, ప్రతి ఆదివారం ఆరాధనకు వస్తూ కూడా బాప్తిస్మం వాయిదా వేసుకునే కుటుంబాలు ఉన్నాయి. సుఖంగా ఉన్నవారు వారిని పిరికివారని అనడం నాకు ఏమాత్రం నచ్చదు. అంటరానితనం మతం అడిగి ఆగదు గనుక ఈ ఉత్తర్వు అన్యాయమని నా అభిప్రాయం. ఈ అంశాన్ని పరిశీలించడానికి జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన 2022లో కేంద్రం ఒక కమిషన్‌ను కూడా నియమించింది. ఆ ఉత్తర్వు మారేంతవరకు సంఘం చేయగలిగింది ఒకటుంది. నీళ్లలోకి దిగే ముందే ఈ సంగతులన్నీ దాచకుండా వివరించి, బలవంతం లేకుండా, తొందరపెట్టకుండా, ఆ మనిషి నిర్ణయం కోసం ఆగాలి. గోపురం కట్టదలచినవాడు ముందుగా కూర్చుని ఖర్చు లెక్క చూసుకోడా అని ప్రభువే అడిగాడు.

బాప్తిస్మమే వద్దన్నవారు కూడా మన మధ్య ఉన్నారు. 1942లో తనకు క్రీస్తు దర్శనం కలిగిందని చెప్పిన మునిపల్లె ఉపాధ్యాయుడు కలగర సుబ్బారావు గారు, క్రీస్తును ప్రేమించి కీర్తించి, బాప్తిస్మాన్ని మాత్రం పనికిరాని ఆచారంగా తోసిపుచ్చారు. మునిగి లేచిన తరువాత కూడా మారని జీవితాలను చూసినవారు ఎవరైనా ఆ విమర్శను కొట్టిపారేయలేరు. కానీ క్రీస్తును కోరుకుని ఆయన శరీరమైన సంఘాన్ని వద్దనుకోవడం నాకు సాధ్యమని తోచదు. సంఘం లోపాలతో నిండి ఉందన్నది నిజమే. అననీయ కూడా భయస్థుడే.

చిలకరింపా, ముంచడమా, పసిబిడ్డకా, పెద్దవారికా అన్న వివాదం మన తెలుగు ఇళ్లలో పెళ్లిళ్లను కూడా ఆపుతుంది. రోమన్ కథోలికులు జ్ఞానస్నానమనీ, లూథరన్లు, సీఎస్‌ఐ (దక్షిణ ఇండియా సంఘం) వారు బాప్తిస్మమనీ పసిపిల్లలకు ఇస్తారు. ఆ పిల్లలు పెద్దయ్యాక తమ నోటితో విశ్వాసాన్ని ఒప్పుకునే ఆరాధన వేరుగా ఉంటుంది. లూదియ, ఫిలిప్పీ చెరసాల నాయకుడు తమ ఇంటివారందరితో బాప్తిస్మం పొందారన్న మాటను, సున్నతికి బాప్తిస్మాన్ని జతచేసిన కొలొస్సయుల పత్రికను వారు ఆధారంగా చూపుతారు. నేను ముంచడమే సరైన చిత్రమని, నమ్మినవారే పొందాలని నమ్మేవాణ్ణి. యోహాను సలీము దగ్గర ఐనోనులో బాప్తిస్మమిచ్చింది అక్కడ నీళ్లు విస్తారంగా ఉన్నందుకేనని సువార్త చెబుతోంది. అయితే అపొస్తలుల కాలానికి చాలా దగ్గరలో రాసిన దిదాఖే అనే గ్రంథం పారే నీళ్లు శ్రేష్ఠమని, అవి లేకపోతే వేరే నీళ్లని, అవీ చాలనప్పుడు తల మీద మూడుసార్లు పోయమని అనుమతించింది. ఆ తొలి సంఘానికి నీళ్ల కొలత మీద ఉన్నదానికంటే నామం మీద, ముందుగా ఇచ్చే బోధ మీద, ఉపవాసం మీద పట్టుదల ఎక్కువ. అందుకే పసితనంలో బాప్తిస్మం పొంది, జీవితమంతా ప్రభువును వెంబడించిన ఒక లూథరన్ పెద్దాయనను, నీకు బాప్తిస్మమే కాలేదు అని మన తొట్టిలో నిలబడి చెప్పే సాహసం నాకు లేదు. మా సంఘంలో కొందరు ఈ మాటకు ఒప్పుకోరని తెలిసే రాస్తున్నాను.

రెండోసారి, మూడోసారి బాప్తిస్మాల సంగతి వేరు. యెరూషలేము యాత్రకు వెళ్లిన మనవారు గలిలయ సముద్రం దగ్గర యార్దెనిత్‌లో తెల్ల అంగీలు తొడుక్కుని యొర్దానులో మళ్లీ మునిగి వస్తున్నారు. ప్రభువు దిగిన నదిలో దిగాలన్న భక్తిని నేను శంకించను. దానిని జ్ఞాపకార్థమైన ప్రార్థనగా చేసుకోవచ్చు. కానీ అదే అసలైన బాప్తిస్మమనుకోవడం, లేదా ఫలానా పేరున్న దైవజనుని చేతిమీదుగా పొందినదానికి బలం ఎక్కువనుకోవడం, కొరింథులో పౌలు ఖండించిన పొరపాటే. పౌలు మీ కొరకు సిలువ వేయబడెనా అని అడిగి, తాను బాప్తిస్మమిచ్చిన క్రిస్పు, గాయియు, స్తెఫను ఇంటివారిని తప్ప ఇంకెవరినీ గుర్తుచేసుకోలేదు. గుండ్లకమ్మలో ఆ ఆరుగురు వంతులు మార్చుకుంటూ నిలబడ్డప్పుడు, ఎవరి చేతిలో మునుగుతామని ఎంచుకునే తీరిక ఎవరికి ఉంది?

మరి బాప్తిస్మం లేకపోతే రక్షణ లేదా అని కూడా పిల్లలు అడుగుతారు. సిలువ మీద దొంగకు నీళ్లు లేవు, పరదైసు వాగ్దానం ఉంది. నమ్మి బాప్తిస్మము పొందినవాడు రక్షింపబడును అన్న మార్కు సువార్త వచనం రెండవ సగంలో శిక్ష నమ్మనివానికే గాని బాప్తిస్మం పొందనివానికని లేదు. రక్షించేది క్రీస్తే. అయితే ఆ దొంగకు దిగిరావడానికి అవకాశం లేదు, మనకు ఉంది. రథంలో పోతున్న ఐతియొపీయ నపుంసకుడు దారిలో నీళ్లు చూడగానే, ఇదిగో నీళ్లు, ఆటంకమేమి అన్నాడు. ఫిలిప్పీ చెరసాల నాయకుడు రాత్రి ఆ గడియలోనే, ఖైదీల గాయాలు కడిగిన వెంటనే బాప్తిస్మం పొందాడు. అవకాశం ఉండి, అర్థం తెలిసి, ఏళ్ల తరబడి వద్దనడం ఆ దొంగ విశ్వాసం వంటిది కాదు.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది బాప్తిస్మం తరువాతి సోమవారం. ప్రభువు ఆజ్ఞలో బాప్తిస్మమిచ్చుచు అన్నదాని వెంటనే, ఆజ్ఞాపించిన వాటినన్నిటినీ గైకొనవలెనని బోధించుడి అన్న మాట ఉంది. 1878 డిసెంబరు చివరికి ఒంగోలు మిషన్‌లో ఆ ఏడాది బాప్తిస్మం పొందినవారు 9606 మంది అయ్యారు. వారికి చదువు చెప్పడం, పల్లెపల్లెకు బోధకులను పంపడం, బడులు కట్టడం ఆ తరువాత దశాబ్దాల పని అయింది, ఆ పని నీళ్లలో గడిపిన ఆ మూడు రోజుల కంటే ఎన్నో రెట్లు కష్టమైనది. మన సంఘాలలో బాప్తిస్మానికి ముందు నాలుగు పాఠాలు చెబుతాం, తరువాత ఏమీ చెప్పం. అందుకే మా పెద్దలను ఒప్పించి, బాప్తిస్మం పొందినవారికి ఆదివారం మధ్యాహ్నాలు ఒక తరగతి మొదలుపెట్టాం. ప్రస్తుతం రోమా పత్రిక ఆరు నుండి ఎనిమిది అధ్యాయాల వరకు వచనం వెంట వచనం చదువుతున్నాం. చదవడం రాని అమ్మమ్మలు ఇద్దరు ముందు వరుసలో కూర్చుంటారు, పిల్లలు వారికి చదివి వినిపిస్తారు. బాప్తిస్మం ఎప్పుడో తీసుకున్నవారు కూడా రావచ్చు.